బేస్ సిస్టమ్‌ని 'మూల వ్యవస్థ' అనవచ్చా?

ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద ఒక వ్యాసం రాస్తూ 'బేస్ సిస్టమ్' (ఆపరేటింగ్ సిస్టమ్‌తోపాటే వచ్చే ప్రధాన భాగం) దగ్గర ఆగిపోయాను. పెర్ల్, పైథాన్ లాంటి స్క్రిప్టింగ్ భాషలు సిస్టమ్‌తోపాటే రావాలా, కావలసినవాళ్లు విడిగా ప్యాకేజీగా వేసుకోవాలా అన్నది వ్యాస విషయం. 'మూల వ్యవస్థ' అంటే సరిపోతుందా? తెలిసినవారు చెప్పండి.

జవాబు: 'మూల' వద్దండీ. ప్రోగ్రామర్లు రాసే సోర్స్ కోడ్‌ని ఇప్పటికే చాలామంది మూలం అంటున్నారు, రెండూ ఒకే పేరాలో వస్తే చదివేవాళ్లు తికమకపడతారు. నా ఓటు 'ఆధార వ్యవస్థ'కే. ఎందుకంటే దానికి 'ఆధేయం' అనే జంట మాట ఉంది. కుండలో నీళ్లుంటే కుండ ఆధారం, నీళ్లు ఆధేయం. మీరు రాస్తున్న తగువంతా ఏది ఆధారం, ఏది ఆధేయం అన్నదేగా!

ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ సంగతే చూడండి. దాని 4వ శ్రేణిలో పెర్ల్ బేస్‌లోనే ఉండేది, అదీ 5.005 వెర్షన్ దగ్గరే ఉండిపోయింది. బయట అప్పటికే 5.6 వచ్చేసింది. కొత్తది కావలసినవాళ్లు ఎలాగూ విడిగా వేసుకునేవారు, పాతది ఊరికే పడి ఉండేది. బేస్ నెమ్మదిగా మారాలి, పెర్ల్ వేగంగా మారుతోంది. ఆ రెంటినీ ఒకే గాటన కట్టడం కుదరలేదు. 2002లో తీసేశారు. తీసేయడమంటే ఒక ఫైలు చెరిపేయడం కాదు, పెర్ల్‌లో ఉన్న సిస్టమ్ స్క్రిప్టులన్నీ తిరగరాయాలి. కొత్త వినియోగదారుణ్ణి చేర్చే యాడ్‌యూజర్‌ని షెల్ స్క్రిప్టుగా మార్చారు. సిస్టమ్‌కి గుండెకాయైన కెర్నల్ బిల్డ్ అయ్యేటప్పుడు నడిచే కొన్ని స్క్రిప్టులు ఆక్ అనే చిన్న భాషలోకి వెళ్లాయి. నిజంగా మెచ్చుకోవలసిన పని అది.

అడిగినవారు: బాగుందండీ. మరి ఓపెన్‌బీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌లో పెర్ల్ ఇప్పటికీ బేస్‌లోనే ఉందిగా? డెబియన్ లినక్స్‌లో కూడా పెర్ల్-బేస్ అనే చిన్న ప్యాకేజీని తప్పనిసరి జాబితాలో పెట్టారు.

జవాబు: అక్కడ పెర్ల్ ఆధారమే కాబట్టి ఉంది. ఓపెన్‌బీఎస్‌డీలో ప్యాకేజీలు వేసే పీకేజీ-యాడ్ పెర్ల్‌లోనే రాశారు. పెర్ల్‌ని ప్యాకేజీ చేస్తే దాన్ని వేయడానికి ముందు పెర్ల్ కావాలి! భాష మంచిదా, జనం ఎక్కువ వాడతారా అన్నది నా దృష్టిలో అసలు ప్రశ్న కాదు. అది లేకపోతే సిస్టమ్ బూట్ అవుతుందా, తనను తాను బాగుచేసుకోగలదా అన్నదే చూడాలి. ఫ్రీబీఎస్‌డీ కూడా 2018లో వచ్చిన 12.0తో సిస్టమ్‌ని మొదలుపెట్టే బూట్ లోడర్‌లోని స్క్రిప్టింగ్ భాషని ఫోర్త్ నుంచి లువాకి మార్చింది. లువా చిన్నది, ఇంకో ప్రోగ్రామ్ లోపల ఇమిడిపోయేలా తయారైంది, అందుకే అక్కడ చోటు దొరికింది.

మరొకరు: డిపెండెన్సీని (ఒక ప్రోగ్రామ్ నడవడానికి కావలసిన వేరే ప్రోగ్రామ్‌ని) కూడా కొందరు ఆధారం అంటున్నారు కదండీ, గందరగోళం కాదా?

జవాబు: కాదనే అనుకుంటున్నాను. 'ఈ స్క్రిప్టుకి ఆక్ ఆధారం' అంటే అర్థం ఒక్కటే. దిశ తిరగేస్తేనే చిక్కు: కొందరు వేరేదాని మీద ఆధారపడిన ప్యాకేజీనే 'ఆధారం' అంటున్నారు, అది తప్పు. ఇక ప్యాకేజీని ఆధేయం అనక్కర్లేదు, వాక్యం బరువెక్కుతుంది. ప్యాకేజీ అని ఉంచేయండి.

అడిగినవారు: అయితే మొదటి వాక్యం ఇలా మారుస్తాను: 'ఆధార వ్యవస్థలో ఏ స్క్రిప్టింగ్ భాష ఉండాలో ఆ వ్యవస్థ అవసరమే తేల్చాలి.'

జవాబు: 'బూట్, మరమ్మతు అవసరాలే' అని విడమరిచి రాయండి. వట్టి 'అవసరం' అంటే ఎవరి అవసరమైనా చేరిపోతుంది.