పాపాయి 'తతతతా'లో తాళం ఎవరిది: దవడదా, చెవిదా?

చిన్నితల్లి:
మా పాపకి ఎనిమిదో నెల. వారం నుంచి ఒకటే 'తతతతా'. మా అత్తగారేమో "తాతని పిలుస్తోంది" అని మురిసిపోతున్నారు. మా ఆయన "దవడ ఆడిస్తోంది, నమిలినట్టే" అంటున్నారు. నాకైతే అందులో తాళం వినిపిస్తోంది, చివరి 'తా' ప్రతిసారీ సాగుతోంది. మా మాటలు విని పట్టిందంటారా?

ఖమ్మం భద్రయ్య:
మీ ఆయన మాటే నాదీ అమ్మా. మాట పుట్టుకపై పరిశోధించిన పీటర్ మెక్‌నీలేజ్ 1998లో వాదించింది అదే. గొంతు పలుకుతుండగా దవడ మూస్తే హల్లు, తెరిస్తే అచ్చు. ఆ ఊపు నమలడం నుంచి వచ్చిందంటారాయన. గిలక్కాయ ఊపడం, 'బబబ' అనడం దాదాపు ఒకే వయసులో మొదలవుతాయి, గమనించండి. ఒళ్లంతా ఊగే వయసది.

శ్రుతిలయ:
అన్నా, వినికిడి లేని పిల్లలకీ దవడ ఉందిగా? ఓలర్, ఐలర్స్ అనే పరిశోధకులు 1988లో చూస్తే, వినగలిగే పిల్లలు పది నెలల్లోపే 'బబబ' అందుకున్నారు. వినబడని పిల్లలకి పదకొండు నెలలో, ఆపైనో పట్టింది.

ఇంకోటి. సైగల భాష వాడే బధిర తల్లిదండ్రులకు పుట్టిన, చక్కగా వినగలిగే పిల్లల చేతి కదలికల్ని పెటిటో బృందం 2001లో కొలిచింది. మామూలు ఊపు సెకనుకు సుమారు రెండున్నర సార్లు. దాంతోపాటు సెకనుకు ఒకసారి చొప్పున నెమ్మదైన ఊపు, సైగల్లాంటిది, ఆ పిల్లల్లోనే కనిపించింది. చేతికి నమలడంతో పనేంటి చెప్పండి!

ఖమ్మం భద్రయ్య:
వినకపోతే ఆలస్యమవుతుంది, ఒప్పుకున్నా. మొదలయ్యాక నోటి వేగం ఎవరు పెట్టారన్నది నా ప్రశ్న. అది దవడ బరువే.

శ్రుతిలయ:
వేగం దవడది కావచ్చు. ఎక్కడ సాగదీయాలో మాత్రం చెవి చెప్తుంది. లెవిట్, వాంగ్ 1991లో ఫ్రెంచి, ఇంగ్లీషు ఇళ్లలో ఐదుగురేసి పిల్లల్ని విన్నారు. ఫ్రెంచి పిల్లలు చివరి అక్షరాన్ని ఎక్కువ సాగదీశారు, మిగతావి సమంగా పలికారు. పదిమందే కాబట్టి శాసనం అనను. చిన్నితల్లి గారూ, మీ పాప ఒక్కతే తెలుగు తాళానికి సాక్ష్యం కాలేదు.

కానీ పది నెలలు దాటినా 'బబబ' రాకపోతే వాదన పక్కనపెట్టి వినికిడి పరీక్ష చేయించాలి. మా చెల్లెలి కొడుకు విషయంలో "మగపిల్లలకి మాటలు ఆలస్యం" అనుకుంటూ ఏడాదిన్నర ఆగాం. అది నన్నింకా గుచ్చుతుంది.

చిన్నితల్లి:
మా పక్కింటి బాబుకి పదకొండో నెల. ఈ 'తతత' ఒక్కసారీ వినలేదు. వాళ్లమ్మ దగ్గరికి ఇప్పుడే వెళ్తున్నా.