ఒకటి, రెండు తరగతుల లెక్కలు చెట్టు కిందా, పలక మీదా?

పల్లెబడి టీచరు:
మా ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతి పిల్లలను రోజూ అరగంట వేపచెట్టు కింద కూర్చోబెట్టి, రాలిన పుల్లలను పదేసి చొప్పున కట్టలు కట్టించి లెక్కలు చెబుతున్నాను. ‘ఇరవై మూడు’ రాయమంటే 203 అని రాసే పిల్ల, రెండు కట్టలూ మూడు విడి పుల్లలూ పలక పక్కన పెట్టుకున్నాక, నేను చెప్పకముందే మధ్యలోని సున్నాను వేలితో చెరిపేసింది. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ కూడా మూడో తరగతి ముగిసేలోపు పిల్లలకు ఈ సంఖ్యాజ్ఞానమే రావాలంటోంది. అయినా కొందరు తల్లిదండ్రులు బడిలో ఆటలాడిస్తున్నారని బాధపడుతున్నారు. మీరేమంటారు?

మేస్త్రి కొడుకు:
ఆ బాధపడేవారిలో నేనూ ఒకణ్ణి. మా అమ్మాయి చింతపిక్కలను వందదాకా తడుముకోకుండా లెక్కపెడుతుంది. కిందటేడాది పట్నంలో ఒక బడిలో చేర్చబోతే నిలువు కూడికలు ఇచ్చారు. ఒక్కటీ చేయలేక ఏడుస్తూ బయటికి వచ్చింది. అక్కడ పుల్లలు ఎవరిస్తారు?

విశ్రాంత ఉపాధ్యాయుడు:
వామనగుంటలు ఆడించండి. పద్నాలుగు గుంటలు, గుంటకు ఐదేసి గింజలు, మొత్తం డెబ్బై. ఐదో ఎక్కం అందులోనే ఉంది.

మేస్త్రి కొడుకు:
అందులో ఎక్కం ఎక్కడుందండీ? గింజలను ఒక్కొక్కటిగా వదులుకుంటూ పోవడమే కదా.

విశ్రాంత ఉపాధ్యాయుడు:
చేయి తిరిగిన పిల్ల గింజలు తీయకముందే, చివరి గింజ ఏ గుంటలో పడుతుందో కళ్లతోనే లెక్క కట్టుకుంటుంది. కూడిక అంటే అదే.

ఏకోపాధ్యాయుడు:
ఐదు తరగతులకూ నేనొక్కణ్ణే. రెండో తరగతిని చెట్టు కిందికి తీసుకువెళితే మిగతా నాలుగింటిని ఎవరు చూస్తారు?

పల్లెబడి టీచరు:
మేస్త్రి కొడుకు గారూ, తప్పు ఆ పరీక్షది. మీ ఇంట్లోనే కొలతల విద్య ఉండగా మీరే దీన్ని ఆట అంటే ఎలా?

మేస్త్రి కొడుకు:
నాకు కోపం వచ్చేది సరిగ్గా ఈ మాటకే. సిమెంటు సందుతో కలిపి ఇటుక 9 అంగుళాలు గనుక 12 అడుగుల గోడకు వరుసకు 16 ఇటుకలని మా నాన్న చూడగానే చెప్పేవారు. అంతటి మనిషి, గుత్తేదారు కాగితంలో పనిదినాలు ఎన్ని వేశాడో చదవలేక వేలిముద్ర వేసి, ఆరు రోజుల కూలి పోగొట్టుకున్నారు. బయటి లెక్క మా ఇళ్లలో ఎప్పుడూ ఉంది. మాకు లేనిది కాగితం మీది లెక్క; నా కూతురిని బడికి పంపేది దానికోసం.

పల్లెబడి టీచరు:
మీ అభ్యంతరం పుల్లల మీద అనుకున్నాను; కాగితం ఎప్పుడు వస్తుందన్నదే మీ ప్రశ్న అని ఇప్పుడు అర్థమైంది. రాతలెక్కలను మూడో తరగతికి వాయిదా వేయడం నా పొరపాటే. సోమవారం నుంచి కట్టిన ప్రతి కట్టనూ అప్పటికప్పుడే పదులు, ఒకట్లు గళ్లు గీయించి పలక మీద రాయిస్తాను. కానీ పది విడి పుల్లలు కలిసి ఒక కట్ట అవుతాయని తెలియని పిల్లకు ‘ఒకటి చేతిలో ఉంచుకో’ అని మాత్రం నేర్పను.

మేస్త్రి కొడుకు:
అక్కడ నేను ఒప్పుకోను. ముందు చేయడం వస్తే అర్థం తర్వాతైనా తెలుస్తుంది. రాసిన పలకను రోజూ ఇంటికి పంపండి, నెల రోజులు చూస్తాను.