ఒక్క మ్యాచ్ కూడా ఓడని జట్టును ప్లేఆఫ్‌కి పంపకపోవడం న్యాయమేనా?

టల్లహాసీ_తెలుగోడు:
నేను ఎమ్మెస్ చేసింది టల్లహాసీలో, అంటే ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ ఉన్న ఊళ్లో. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఓనమాలు కూడా రాకుండా వెళ్లి, ఒక్క సీజన్ తిరిగేసరికి, కాలేజీ జట్లు ఆడే శనివారం ఇంకే పనీ పెట్టుకోనంత పిచ్చిలో పడ్డాను. అందుకే 2023 డిసెంబర్ 3 నాకింకా మంటే.

ఆ ఏడాది మా ఫ్లోరిడా స్టేట్ జట్టు 13 ఆడి 13 గెలిచింది. నవంబర్‌లో మా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి జట్టు దాడిని నడిపేవాడు) జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. రెండోవాడికీ దెబ్బ తగిలితే, మా కాన్ఫరెన్స్ (జట్ల గ్రూపు) ఏసీసీ ఫైనల్‌కి బ్రాక్ గ్లెన్ అనే ఫస్టియర్ కుర్రాడు దిగాడు. అయినా మా డిఫెన్స్ లూయీవిల్‌ని కదలనివ్వలేదు, 16-6తో గెలిచాం. మర్నాడు, ప్లేఆఫ్ జట్లని ఎంపిక చేసే 13 మంది కమిటీ నాలుగు పేర్లు చదివింది: మిషిగన్, వాషింగ్టన్, టెక్సస్, అలబామా. అలబామా అప్పటికే ఒక మ్యాచ్ ఓడింది. మాది అయిదో ర్యాంకు. నా కాలు ఇంకాస్త ముందే విరిగినా బాగుండేది, నేను లేకుండా జట్టు ఎలా ఆడుతుందో అందరూ చూసేవాళ్లు అని ట్రావిస్ రాసుకున్నాడు. అది చదివి రూమ్‌లో ఎవరం మాట్లాడలేదు.

గెలిచినవాడిని వదిలేసి, గెలుస్తాడనిపించినవాడిని తీసుకుంటే ఇక సీజన్ ఎందుకు?

ఫ్రిస్కో_అన్న:
తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. కానీ కమిటీ రూల్ తప్పలేదు. ముఖ్యమైన ఆటగాడు లేకపోతే ఆ సంగతీ చూడవచ్చని వాళ్ల నిబంధనల్లో ముందునుంచే ఉంది. పైగా అలబామా ఎవర్ని ఓడించి వచ్చింది? వరసగా 29 మ్యాచ్‌లు గెలిచి ఉన్న జార్జియాని, 27-24తో. సెమీస్‌లో మిషిగన్‌ని ఓవర్‌టైమ్ దాకా లాగింది, చివరికి కప్పు కొట్టింది ఆ మిషిగనే. అదే జార్జియా, ఆ ఏడాది ప్లేఆఫ్‌లో భాగం కాని ఆరెంజ్ బౌల్ మ్యాచ్‌లో మీవాళ్లని 63-3తో కొట్టింది కదా.

టల్లహాసీ_తెలుగోడు:
ఆ 63-3 తీసుకురావద్దు అన్నా. ప్లేఆఫ్ పోయాక పాతికమంది దాకా ఆ మ్యాచ్ ఆడనేలేదు.

రూల్ ఉంది, ఒప్పుకుంటాను. కానీ క్వార్టర్‌బ్యాక్ లేకపోతే ఎంత తగ్గించాలో ఎక్కడుంది? 2024 మే 18న బెంగళూరు, చెన్నై మ్యాచ్ గుర్తుందా? ఓడినా సరే, 201 కొడితే చెన్నై ప్లేఆఫ్‌కి వెళ్తుంది. ఆఖరి ఓవర్లో 17 కావాలి. ధోనీ మొదటి బంతికే సిక్స్ కొట్టాడు, తర్వాతి బంతికి అవుటయ్యాడు, చెన్నై 191 దగ్గర ఆగిపోయింది. ఆ రాత్రి చెన్నై అభిమానులు ఏడ్చారు, కానీ ఎవరో గదిలో కూర్చుని తమను తీసేశారని ఎవరూ అనలేదు.

ఫ్రిస్కో_అన్న:
ఐపీఎల్‌లో ఉన్నవి 10 జట్లు. ఇక్కడ 130కి పైగా. ఒక్కోటి ఆడేది లీగ్‌లో 12 మ్యాచ్‌లు, అవీ వేర్వేరు జట్లతో. ఒకే పాయింట్ల పట్టిక ఎలా కుదురుతుంది? ఫైనల్ జట్లని ఎంచడానికి కంప్యూటర్ లెక్కలు వాడటమూ చూశాం. 2003లో విలేకరులు, కోచ్‌లు ఓట్లేసే రెండు పోల్స్‌లోనూ నంబర్ వన్‌గా ఉన్న యూఎస్‌సీకి (సదరన్ కాలిఫోర్నియా) ఫైనల్లో చోటు దొరకలేదు. మనిషి చూడక తప్పదు.

అట్లాంటా_పద్మ:
చూడనివ్వండి, కానీ ప్రతి మంగళవారం టీవీలో ర్యాంకులు ప్రకటించడం మానాలి. ప్లేఆఫ్‌లో నాలుగు జట్లని 12 చేసినా గొడవ తీరకపోవడానికి సగం కారణం అదే. 2025 చూడండి. ఆగస్టు 31న మయామీ 27-24తో నోటర్‌డామ్‌ని ఓడించింది. సీజన్ ముగిసేసరికి రెండూ 10 గెలిచి 2 ఓడాయి. అయినా వారం వారం నోటర్‌డామే పైన. ఆఖరి వారాంతం ఇద్దరూ ఆడలేదు. ర్యాంకుల్లో ఆ ఇద్దరి మధ్యలో ఉన్న బీవైయూ (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ) జట్టు టెక్సస్ టెక్ చేతిలో ఓడి కిందికి జారింది, ఇప్పుడు ఇద్దరూ పక్కపక్కన వచ్చారు కాబట్టి ముఖాముఖి చూశాం అన్నారు. ఆగస్టులో జరిగిన మ్యాచ్ డిసెంబర్‌లో గుర్తొచ్చింది! నా దృష్టిలో మయామీని తీసుకోవడమే సరైనది, ఫైనల్ దాకా వెళ్లి చూపించింది కూడా. కానీ నోటర్‌డామ్ కుర్రాళ్లకి నెలరోజులు ఆశపెట్టి చివర్లో చెయ్యివ్వడం దారుణం. ఒళ్లు మండి వాళ్లు, ప్లేఆఫ్ దక్కని జట్లు ఆడే బౌల్ గేమే వద్దన్నారు.

టల్లహాసీ_తెలుగోడు:
పద్మ గారూ, నూటికి నూరుపాళ్లు. సమానంగా గెలిచిన ఇద్దరు ముఖాముఖి ఆడి ఉంటే మొదట చూడాల్సింది అదేనని రాసి పెట్టండి, పక్కపక్కన ఉన్నా లేకపోయినా. పెద్ద కాన్ఫరెన్స్ చాంపియన్లకి చోటు ఖాయం చెయ్యండి. మిగతా చోట్లే కమిటీ నింపాలి.

ఫ్రిస్కో_అన్న:
మరి 2025లో ఏసీసీ చాంపియన్ డ్యూక్. అయిదు మ్యాచ్‌లు ఓడింది. తీసుకుంటావా?

టల్లహాసీ_తెలుగోడు:
తీసుకుంటాను. కాన్ఫరెన్స్ ఫైనల్లో వర్జీనియాని ఓవర్‌టైమ్‌లో ఓడించి ఆ టైటిల్ గెలుచుకుంది. మొదటి రౌండ్‌లో చిత్తుగా ఓడినా ఫర్వాలేదు, ఆ ఓటమి మైదానంలోనే జరగాలి. అప్పుడు నోటర్‌డామ్‌తో పాటు ఇంకో మంచి జట్టూ ఇంట్లో కూర్చుంటుందని తెలుసు అన్నా. కానీ ఆగస్టులో మొదటి మ్యాచ్ ఆడేముందే వాళ్లకీ ఆ సంగతి తెలిసి ఉంటుంది.