2021-22 ఐఎస్‌ఎల్: షీల్డు ఒకరికి, కప్పు మరొకరికి ఎలా?

ప్రశ్న (అమలాపురం): 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫుట్‌బాల్ విజేత హైదరాబాద్ ఎఫ్‌సీ అని మా అబ్బాయికి చెబితే, పట్టికలో మొదటి స్థానం జంషెడ్‌పూర్‌ది కదా నాన్నా అన్నాడు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (రాజోలు): మీ అబ్బాయి చెప్పింది నిజమేనండి. కోవిడ్ కారణంగా ఆ సీజన్ అంతా గోవాలోనే జరిగింది. ఒక్కో జట్టు 20 మ్యాచులు ఆడాక 43 పాయింట్లతో జంషెడ్‌పూర్ పట్టికలో మొదటి స్థానానికి ఇచ్చే షీల్డు గెలవగా, 38 పాయింట్లతో హైదరాబాద్ రెండో స్థానంలో నిలిచింది. ఆ సీజన్‌లో కప్పు మాత్రం మొదటి నాలుగు జట్లు ఆడిన సెమీఫైనళ్లు దాటి, ఫైనల్ గెలిచినవారికి దక్కింది. ఇరవై మ్యాచుల కష్టానికి దక్కిన షీల్డే గొప్పదని నా అభిప్రాయం.

జవాబు (పాలకొల్లు): నేను ఏకీభవించలేనండి. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో జరిగిన ఆ ఫైనల్‌ను రొయ్యల చెరువు గట్టు మీద, ఏరేటర్ల మోతలో, ఫోనులో చూశాను. కేరళ బ్లాస్టర్స్ ఆధిక్యంలో ఉండగా 88వ నిమిషంలో మన హైదరాబాద్ ఆటగాడు సాహిల్ తవోరా స్కోరు సమం చేస్తూ దూరం నుంచి కొట్టిన బంతి వలలో పడినప్పుడు నా చేతులు వణికాయి. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడింటిని ఆపడంతో 3-1తో గెలిచాం.

ప్రశ్న (అమలాపురం): జంషెడ్‌పూర్ ఎవరి చేతిలో ఓడిందండి?

జవాబు (రాజోలు): సెమీఫైనల్లో కేరళ చేతిలోనే, రెండు మ్యాచులు కలిపి 2-1తో.