మొదటి జియు జిట్సు టోర్నమెంట్: వైట్ బెల్ట్, 72 కిలోలు, ఎలా తయారవ్వాలి?

కాజీపేట_జంక్షన్:
అందరికీ నమస్తే. వచ్చే నెల హైదరాబాద్‌లో ఒక ఓపెన్ టోర్నమెంట్ ఉంది. ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు జిట్సు సమాఖ్య) రూల్స్ అని నోటీసులో రాశారు. గీ (జూడో వాళ్ళలా వేసుకునే మందపాటి కోటు, ప్యాంటు) విభాగంలో వైట్ బెల్ట్ (కొత్తవాళ్ళ బెల్ట్) అడల్ట్‌కి పేరు ఇచ్చాను, ఫీజు కట్టాను, ఆ రోజు నుంచి నిద్ర సరిగ్గా లేదు. హన్మకొండలో మేం ప్రాక్టీస్ చేసేది చిన్న హాల్లో, ఉన్నది కొద్దిమందిమి, ఎవరి ఆట ఏంటో అందరికీ తెలుసు, కొత్తవాడు ఎదురుగా నిలబడితే ఎలా ఉంటుందో తెలియదు. టెన్షన్ తగ్గాలంటే ఏం చేయాలి, ఐదు నిమిషాల మ్యాచ్‌కి ప్లాన్ ఏం పెట్టుకోవాలి, 72 ఉన్నాను కాబట్టి 70 కిలోల విభాగంలోకి దిగాలా, ఆ రోజు ఏం తినాలి, ఇంకా ఇంట్లో ఎలా చెప్పాలి (నాన్న దృష్టిలో ఇది గల్లీ కొట్లాట). నిలబడి పడగొట్టడం నాకు రాదు. కాలర్ పట్టుకుని కూర్చొని గార్డ్‌లోకి లాగడమే (కింద ఉండి ఎదుటివాణ్ణి నా కాళ్ళ మధ్య ఆపడం) వచ్చు. సరిపోతుందా?

నీలిబెల్ట్_నక్కలగుట్ట:
70లోకి దిగకు. ఐబీజేజేఎఫ్ గీ విభాగంలో బరువు గీ వేసుకునే చూస్తారు, అదీ మొదటి మ్యాచ్‌కి కాస్త ముందు, ఒక్కసారే. నీ గీ కిలోన్నర నుంచి రెండు కిలోలు ఉంటుంది, అంటే 70 కోసం నువ్వు 68కి రావాలి, వచ్చిన వెంటనే కొట్లాడాలి. తర్వాతి విభాగం 76, దాంట్లో హాయిగా సరిపోతావు. బాక్సింగ్ వాళ్ళను చూసి ప్లాస్టిక్ సూట్ వేసుకుని వడ్డేపల్లి చెరువు కట్ట మీద పరుగెత్తే పిల్లలను చూశాను. వాళ్ళలో ముందురోజు బరువు చూసేవాళ్ళు ఉంటారు, మధ్యలో తాగి తిని కోలుకోవడానికి టైం ఉంటుంది. నీకు ఆ టైం ఎక్కడిది? నోటీసు మళ్ళీ ఒకసారి చదువు, మన దగ్గర కొందరు రూల్స్ ఒకటి రాసి బరువు ఇంకోలా చూస్తారు.

పాతతాలీం_బోధన్:
బరువు సంగతి పక్కన పెట్టు తమ్మీ. కూర్చుంటా అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. మా బోధన్, బాన్సువాడ, మద్నూర్ వైపు జాతరల్లో కుస్తీ అంటే కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడియం కుస్తీతో ముగుస్తుంది. వీపు మట్టికి ఆనిందా, చిత్, ఆట అయిపోయింది. నువ్వేమో ఎదుటివాడు పడగొట్టకముందే నువ్వే పడుకుంటానంటున్నావు. ఇదేం ఆట? ముందు నిలబడటం నేర్చుకో, తర్వాత పోటీకి పో.

నీలిబెల్ట్_నక్కలగుట్ట:
కాకా, ఒక నెలలో ఏం నేర్చుకుంటాడు నిలబడటం? వచ్చింది ఒక్కటి, దాంతోనే పోవాలి. గార్డ్ లాగితే ఎవరికీ పాయింట్ లేదు. కింద నుంచి స్వీప్ చేస్తే, అంటే వాణ్ణి తిప్పి నువ్వు పైకి వస్తే, 2. వాడు గార్డ్ దాటితే, అంటే నీ కాళ్ళు దాటి వస్తే, వాడికి 3. లెక్క ఇంతే.

పాతతాలీం_బోధన్:
లెక్కలు చెప్పకు. భయపడ్డవాడు కూర్చుంటాడు.

జూడో_సుబేదారి:
నేను జూడో నుంచి ఇటు వచ్చాను కాబట్టి ఇద్దరికీ చెప్తా. కాకా, మీ కుస్తీ వాళ్ళకూ మా జూడో వాళ్ళకూ జియు జిట్సు మ్యాట్ మీద ఒకటే రోగం. వీపు నేలకు తగలకూడదని ఒంటికి అలవాటైపోయింది, పడగానే బోర్లా తిరుగుతాం. జూడోలో అలా ముడుచుకుంటే కాసేపటికి రిఫరీ ఆపి లేపుతాడు. ఇక్కడ ఎవరూ ఆపరు. వెనక నుంచి రెండు కాళ్ళు లోపలికి వస్తాయి, 4 పాయింట్లు, ఆ తర్వాత మెడకు చెయ్యి. నిలబడి ఎదుటివాళ్ళను ఎత్తి పడేసి 2 తెచ్చుకుని, కిందకు పోయాక వీపు ఇచ్చి ఓడిపోయిన జూడో వాళ్ళు ఎంతమందో. కాబట్టి కూర్చోవడం భయం కాదు. అయితే తమ్ముడూ, నీలిబెల్ట్ చెప్పని ముక్క ఒకటుంది. ఎదుటివాడు నీ కాలు పట్టుకున్నాక కూర్చుంటే అది వాడు పడగొట్టినట్టే, నిన్ను కింద ఆపితే వాడికి 2. వాడి చెయ్యి నీ ప్యాంటు మీద పడకముందే కూర్చోవాలి. నీ చేతిలో కాలరో చెయ్యో ఏదో ఒక పట్టు ఉండాలి, ఊరికే కూర్చుంటే పెనాల్టీ. ఎగిరి నడుముకి కాళ్ళు చుట్టడం వైట్ బెల్ట్‌కి నిషేధం, యూట్యూబ్ చూసి అది చేయకు.

గ్రాండ్‌మాస్టర్_కరీంనగర్:
నాలుగు విద్యల్లో బ్లాక్ బెల్ట్ ఉన్నవాడిగా చెబుతున్నాను, మీరందరూ శరీరం దగ్గరే ఆగిపోయారు. పోటీ గెలిచేది మనసు. నా శిష్యులకు మ్యాచ్‌కి ముందు ప్రత్యర్థి కళ్ళలోకి రెప్ప వేయకుండా చూడమని నేర్పుతాను, సగం మంది అక్కడే ఓడిపోతారు. నా దగ్గర జిల్లా నుంచి అంతర్జాతీయం దాకా పతకాలు వచ్చాయి. ఆసక్తి ఉన్నవారు సంప్రదించవచ్చు.

నిట్_హాస్టల్:
సార్ ఆ నాలుగింట్లో జియు జిట్సు ఉందా?

గ్రాండ్‌మాస్టర్_కరీంనగర్:
విద్యలన్నీ ఒకటే బాబూ. చిన్నవాడివి, ముందు ముందు తెలుస్తుంది.

నిట్_హాస్టల్:
అంటే లేదు.

మంచిర్యాల_అమ్మ:
అంతర్జాతీయ పతకాల సంగతి ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. మా పాప బ్రాకెట్‌లో ఉన్నదే ఇద్దరు. ఒక్క మ్యాచ్ ఆడింది, ఓడింది, మెడలో వెండి పతకం వేశారు. మర్నాడు జిల్లా పేజీలో ఫోటో వచ్చింది, చుట్టాలందరూ ఫోన్లు. పాప మాత్రం ఆ పతకాన్ని బీరువాలో పడేసి "నేను గెలవలేదు కదమ్మా" అంది. పిల్లకు ఉన్న సిగ్గు పెట్టేవాళ్ళకు లేదు. ఫీజులేమో ఒక్కో విభాగానికి వేరే, గీకి వేరే, నోగీకి (గీ లేకుండా ఆడేది) వేరే.

సింగరేణి_నైట్‌షిఫ్ట్:
అక్కా, ఆ పిల్లని వదలొద్దు, పనికొస్తుంది.

కాజీపేట తమ్మీ, నేను గోదావరిఖని, వయసు మీద పడ్డాక మొదలుపెట్టినవాణ్ణి, పెద్ద వయసువాళ్ళ విభాగం మాస్టర్స్‌లో ఆడతాను. నిన్ను తినేది ఎదుటివాడు కాదు, ఎదురుచూపు. పొద్దున 9కి రమ్మంటారు, పిలిచేది మధ్యాహ్నం ఏ మూడుకో. ఆ మధ్యలో ప్రతి మ్యాచూ చూస్తూ కూర్చుంటే నీ గుండె అందరి మ్యాచులూ ఆడేస్తుంది. చూడకు. మూల చూసుకుని టవల్ కప్పుకుని పడుకో. నైట్ షిఫ్ట్ చేసేవాళ్ళకు ఈ విద్య వేరే నేర్పక్కర్లేదు. పిలుపుకి ఇరవై నిమిషాల ముందు లేచి వార్మప్ చెయ్. నాలుగు అడుగులు గెంతడం కాదు, చెమట కారాలి, దమ్ము రావాలి. మొదటి ఆయాసం వార్మప్‌లోనే అయిపోవాలి. లేకపోతే మ్యాచ్‌లో రెండో నిమిషానికి ముంజేతులు రాయిలా బిగుసుకుపోతాయి, వేళ్ళు తెరుచుకోవు, మూయవు. అది స్టామినా లేక కాదు, టెన్షన్‌లో కాలర్‌ని ప్రాణం పోతున్నట్టు పట్టుకుని ఊపిరి బిగబట్టడం వల్ల. ఊపిరి లోపలికి అదే వస్తుంది, బయటికి వదలడం గుర్తుపెట్టుకో.

ఇంకోటి, పొద్దున కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి నేరుగా మ్యాట్ ఎక్కుతా అనుకోకు. 130 కిలోమీటర్ల పైనే, రైలు లేటైతే నీ టెన్షన్ కూడా దాంతోపాటే పెరుగుతుంది. ముందు రోజే పోయి ఎవరింట్లోనైనా ఉండు. ఆ రాత్రి నిద్ర పట్టకపోయినా ఏం కాదు, ఆ వారమంతా బాగా పడుకుని ఉంటే చాలు.

పాతతాలీం_బోధన్:
నా మాట ఇంకా అయిపోలేదు. జూడో అమ్మాయి బోర్లా తిరగడం రోగం అంది. 1910లో లండన్‌లో గామా పహిల్వాన్ ముందు పోలండ్ పహిల్వాన్ జిబిస్కో రెండున్నర గంటలు మ్యాట్‌ని కరుచుకుని బోర్లా పడుకున్నాడు. గామా అంతటివాడు తిప్పలేకపోయాడు, డ్రా అయింది. బోర్లా పడుకోవడంలో ఉన్న బలం మీకేం తెలుసు?

నిట్_హాస్టల్:
కాకా, మీరు ఇప్పుడు మా వైపు మాట్లాడారు. నిలబడలేనివాడు కింద ఉండి బతికాడు అనే కదా ఆ కథ! మళ్ళీ 1928లో పటియాలాలో అదే జిబిస్కో నిమిషం లోపే చిత్ అయ్యాడు, అదీ చెప్పండి. ఇక్కడ అలా పడుకుంటే ఇరవై సెకన్లలో రిఫరీ చెయ్యెత్తి పెనాల్టీ ఇస్తాడు.

పాతతాలీం_బోధన్:
హాస్టల్ రూంలో కూర్చొని గూగుల్ చూసి పహిల్వాన్ అయినవాళ్ళను చాలామందిని చూశాను. మట్టిలో ఒక్కసారి దిగు, మాట్లాడుకుందాం.

నిట్_హాస్టల్:
మీరు మా హాల్‌కి రండి, గీ నేనే ఇస్తా. కాలర్ పట్టుకోకుండా ఎంతసేపు ఉంటారో చూద్దాం.

నీలిబెల్ట్_నక్కలగుట్ట:
రేయ్, పెద్దాయనతో ఆ మాటలేంటి.

నిట్_హాస్టల్:
మొదలుపెట్టింది ఆయన. భయపడ్డవాడు కూర్చుంటాడు అన్నప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. నేనూ గార్డ్ ఆటగాడినే, నాకూ తగిలింది.

అడ్మిన్:
రెండు పోస్టులు తీసేశాను. కుస్తీ గొప్పదా జియు జిట్సు గొప్పదా అనే లొల్లికి వేరే చర్చ ఉంది, ఎప్పటినుంచో నడుస్తోంది, అక్కడికి పోండి.

కాజీపేట_జంక్షన్:
అందరికీ థ్యాంక్స్, 76లోనే ఆడతా. కానీ ప్లాన్ గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

జూడో_సుబేదారి:
ప్లాన్ అంటే పెద్ద చెట్టులా కొమ్మలు గీసుకోకు. మొదటి ముప్పై సెకన్లు మాత్రం నిద్రలో లేపినా చేసేలా ఉండాలి. రిఫరీ "కొంబాచ్" (మొదలుపెట్టండి) అనగానే కుడి చెయ్యి ఎక్కడికి పోతుంది, ఎడమ చెయ్యి ఎక్కడికి, ఎప్పుడు కూర్చుంటావు, కూర్చున్నాక మొదటి స్వీప్ ఏది. స్వీప్ అయ్యాక పైన మూడు సెకన్లు ఆగాలి, అప్పుడే 2. చాలామంది కొత్తవాళ్ళు తిప్పగానే సంతోషం పట్టలేక వెంటనే గార్డ్ దాటే పాస్‌కి ఎగబడి మళ్ళీ కిందికి పోతారు. పైకి వచ్చాక ఒక్క పాస్, దాని తర్వాత ఒక్క ఫినిష్ (వాణ్ణి లొంగదీసే పట్టు). అంతకంటే ఎక్కువ ఆ టెన్షన్‌లో గుర్తుండవు. రెండో స్వీప్ ఒకటి చేతిలో ఉంచుకో, మొదటిది వాడు ఆపినప్పుడు వాడి బరువు ఎటు పోతుందో అటు వేసేది.

మీ హాల్లో కొత్తవాళ్ళు లేరన్నావు. వేరే హాల్‌కి ఒక ఆదివారం పో. లేదా మీవాళ్ళనే వరుసగా నిమిషానికొకణ్ణి తాజాగా దింపమను, నువ్వు మాత్రం లోపలే ఉండు. ఇంకొన్నిసార్లు "రెండు పాయింట్లు వెనక ఉన్నా, ఒక్క నిమిషమే మిగిలింది" అని మొదలుపెట్టి ఆడు, కొన్నిసార్లు రెండు పాయింట్లు ముందున్నట్టు. ఆ రెండు ఆటలూ వేరు. ముందున్నప్పుడు ఏం చేయాలో మన దగ్గర ఎవరూ ప్రాక్టీస్ చేయరు, అందుకే చివరి అరనిమిషంలో గెలిచిన మ్యాచ్‌లు పోతాయి.

నీలిబెల్ట్_నక్కలగుట్ట:
పై పోస్ట్ అంతా కరెక్ట్. ఒక్కటి కలుపుతా, చివరి వారం కొత్త టెక్నిక్ నేర్చుకోకు, గట్టిగా స్పారింగ్ వద్దు. పోటీకి ముందు వేలు విరగ్గొట్టుకుని ఫీజు పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. మ్యాచ్‌లో ఆర్మ్‌బార్ (మోచెయ్యి విరిచే పట్టు) పడితే ట్యాప్ చెయ్ (చేత్తో తట్టి ఓటమి ఒప్పుకో), మోచెయ్యి పతకం కంటే ఖరీదు. గోళ్ళు కత్తిరించుకో, చూస్తారు.

మంచిర్యాల_అమ్మ:
తిండి గురించి అడిగాడు కదా పాపం. అక్కడ క్యాంటీన్‌లో దొరికేది సమోసా, బిర్యానీ. అరటిపండ్లు, ఖర్జూరాలు, రెండు ఇడ్లీలు డబ్బాలో పెట్టుకుపో. మా చుట్టాలబ్బాయి అమ్మ చేసిచ్చిన సర్వపిండి మొత్తం తిని మ్యాట్ ఎక్కాడు, ఎదుటివాడు పొట్ట మీద మోకాలు పెట్టాడు. తర్వాతిది రాయను.

నాన్నగారికి ఇలా చెప్పు: ఇది ఆసియా క్రీడల్లో ఉన్న ఆట. 2018లో జకార్తాలో పెట్టారు, 2023లో హాంగ్‌జౌలో కూడా జరిగింది. మా ఆయన ఈ ఒక్క మాటకే మెత్తబడ్డాడు. ఆ పత్రికలో వచ్చిన ఫోటో కూడా పనికొచ్చిందిలే, అబద్ధం ఎందుకు.

గ్రాండ్‌మాస్టర్_కరీంనగర్:
కళ్ళలోకి చూడటం గురించి ఎవరూ స్పందించలేదు.

సింగరేణి_నైట్‌షిఫ్ట్:
నావైపు ఒకడు అలాగే గుడ్లప్పగించి చూశాడు సార్. కాలర్ చోక్ (కాలర్ పట్టి మెడ బిగించడం) పడేదాకా చూస్తూనే ఉన్నాడు.

పాతతాలీం_బోధన్:
సరే, ఒక మాట చెప్పి పోతా, పిల్లవాడు నా మీద కోపం పెట్టుకోవద్దు. కూర్చునేదే అయితే వాడు ముందుకు నెట్టేటప్పుడు కూర్చో, వెనక్కి లాగేటప్పుడు కాదు. నెట్టేవాడి బరువు నీ మీదికి వస్తుంది, తిప్పడం సులువు. కాలికి పట్టు పడుతుందని తెలియాలంటే వాడి తల కిందికి దిగడం చూడు, చేతులు కాదు. కుస్తీలో అయినా ఇంతే. హాస్టల్ బాబు రమ్మన్నాడు కదా, ఈ ఆదివారం వరంగల్‌లో పెళ్ళి ఉంది, వస్తా. గీ నా సైజు ఉండాలి.

నిట్_హాస్టల్:
కాకా నిజంగానే వస్తారా? మీ సైజు ఎంత?

పాతతాలీం_బోధన్:
112 కిలోలు.

నిట్_హాస్టల్:
ఎవరి దగ్గరైనా ఏ5 గీ ఉందా? ఒక్క రోజుకి. అద్దె ఇస్తా.

జూడో_సుబేదారి:
మా హాల్లో ఒకటుంది, కాలర్ కొంచెం చిరిగింది. శనివారం సాయంత్రం సుబేదారికి వచ్చి తీసుకో. ఉతికి ఇవ్వాలి.