సమస్యాపూరణం: నీరు పోయకున్న నిండెఁ బూలు

ఈ వారం సమస్య (ఆటవెలది నాలుగో పాదం):

నీరు పోయకున్న నిండెఁ బూలు

నిర్వాహకులు: అంశం పెరటి లిల్లీలు. వాన లిల్లీ, ఎమరిల్లిస్, ఫుట్‌బాల్ లిల్లీ ఏదైనా సరే, గడ్డ జాతి కావాలి. ఛందస్సు ఒక్కటే చూడం. పద్యాన్ని నమ్మి కుండీకి నీళ్ళు ఆపినవారి మొక్క బతకాలి కూడా. అరసున్న ఎగరగొట్టకండి: 'నిండెను' ద్రుతాంతం (చివర 'ను' ఉన్న పదం), అందుకే పకారం బకారమైంది.

పూరణ 1, దేవరకొండ

ఎండలందు నెండి యిల నున్న గడ్డకుఁ
దొలకరించు వాన తోడుపడఁగ
మూడునాళ్ళలోనె మొలచి కాడలు లేచె
నీరు పోయకున్న నిండెఁ బూలు

నిర్వాహకులు: గణాలు, యతులు (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం) శుద్ధం. మనిషి పోయలేదు, వాన పోసిందన్న విరుపు సులువైనదే గానీ చెల్లుతుంది. దోషం విషయంలో ఉంది. గడ్డే ఎండిందంటున్నారు! ఎండాల్సింది ఆకు. గడ్డను వేళ్ళతో నొక్కితే గట్టిగా తగలాలి. తేలికై పొట్టు మాత్రమే మిగిలితే రోహిణి ఎండ దాన్ని తినేసినట్టే, మృగశిర వాన ఎంత పడ్డా లేవదు. మొదటి పాదాన్ని ఇలా మార్చుకుంటే సరిపోతుంది:

ఎండలందు నాకు లెండిన గడ్డకుఁ

నల్లగొండ సభ్యులు: మూడు నాళ్ళంటే కొంచెం తొందరే. మంచి వాన పడ్డాక నాలుగైదు రోజులైనా పడుతుంది. పైపైన చినుకు పడితే కాడ రాదు, గడ్డ ఉన్న లోతు దాకా మన్ను తడవాలి.

పూరణ 2, వనపర్తి

పక్షమెండఁబెట్టి పదునుగా వానలోఁ
దడిపినంత లేచెఁ దొట్టిలోన
కాడపైన మొగ్గ, కడమ నాళ్ళందున
నీరు పోయకున్న నిండెఁ బూలు

నిర్వాహకులు: రెండో పాదంలో యతిభంగం. హల్లు కుదిరింది, అచ్చు కుదరలేదు. అకారానికి ఒకారం చెల్లదు. 'దడిపినంత లేచెఁ దడయకుండ' అనండి, యతితో పాటు భావమూ బిగుస్తుంది. విషయం మాత్రం ఇప్పటిదాకా వచ్చినవాటిలో మేలు. వాన లిల్లీకి రెండు వారాల ఎండు, తర్వాత ఒక్కసారిగా నిండు తడి, అదే కిటుకు. రోజూ గ్లాసెడు పోస్తుంటే పచ్చగా ఆకు పెరుగుతుంది గానీ పువ్వు రాదు.

గద్వాల సభ్యులు: కుండీలో అయితేనే ఈ పద్ధతి. నల్లరేగడిలో నాటితే ముసురు పట్టినప్పుడు నెల రోజులైనా పదును ఆరదు, పక్షం ఎండబెట్టడం ఎట్లా? ఎనిమిది అంగుళాల కుండీలో పది పన్నెండు గడ్డలు, రెండంగుళాల లోతున పెట్టాలి. ఎర్రమన్ను రెండు పాళ్ళు, దొడ్డు ఇసుక ఒక పాలు, బాగా మాగిన పెండ ఎరువు ఒక పాలు. వానకు బదులు నల్లా నీళ్ళైనా పనిచేస్తాయి, కాకపోతే అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోయాలి.

పూరణ 3, మిర్యాలగూడ

కుండ క్రింద రంధ్ర ముండక గడ్డయె
కుళ్ళె నీట, తీసి గూట నిడగ
మాసమైన పిదప మట్టిలోఁ బెట్టిన
నీరు పోయకున్న నిండెఁ బూలు

నిర్వాహకులు: మొదటి పాదంలో ప్రాసయతి (యతికి బదులు కుండ-ముండ అని రెండో అక్షరం కలవడం) ముచ్చటగా పడింది. కానీ అయ్యా, కుళ్ళిన గడ్డ పూయదు. వేర్లు పుట్టే అడుగు చక్రం గట్టిగా ఉండి పైపొరలే మెత్తబడితే ఆశ ఉంటుంది: మెత్తని పొరలు ఒలిచి, లీటరు నీటికి రెండున్నర గ్రాముల మాంకోజెబ్ (బూజుమందు) కలిపి అరగంట ముంచి, నీడన ఆరబెట్టి, కొత్త మన్నులో నాటాలి. అడుగే మెత్తబడి వాసన వస్తే అది పారేయాల్సిందే, పక్క కుండీల దగ్గర కూడా ఉంచొద్దు. రెండో పాదం మార్చి మళ్ళీ పంపండి.

పూరణ 4, కల్వకుర్తి

ఆకు లెండలోన నార్జించి దాచిన
తిండి గడ్డనుండె తీరుగాను;
మొగ్గ ముందె లోన మొలచియుండుటచేత
నీరు పోయకున్న నిండెఁ బూలు

నిర్వాహకులు: ఈ వారానికి ఇదే ఉత్తమ పూరణ. 'తీరుగాను' పాదపూరణానికే వచ్చిందని ఎవరైనా అనవచ్చు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ సమస్యను చుట్టుతిప్పకుండా నేరుగా ఎదుర్కొన్నది ఇదొక్కటే. ఎమరిల్లిస్ గడ్డను నిలువుగా కోసి చూస్తే పొరల మధ్య పాలిపోయిన చిన్న మొగ్గ కనిపిస్తుంది. నాలుగు ఆకులకు ఒక పూల కాడ చొప్పున లోపలే తయారవుతుంది. మైనం పూసి అమ్మే గడ్డలు మన్నూ నీళ్ళూ లేకుండా బల్ల మీదే పూసేది ఇందుకే. అయితే ఆ పూతతో గడ్డ నిల్వ ఖర్చయిపోతుంది, మరుసటేడు పూయడం అరుదు.

అందుకే పద్యంలోని ఆకును మరవొద్దు. పూత అయిపోగానే కాడ కోసేయండి, కాయ కట్టనివ్వొద్దు. ఆకు పచ్చగా ఉన్నన్నాళ్ళూ నీళ్ళు, నెలకో గుప్పెడు పెండ ఎరువు ఇవ్వాలి. కార్తీకం తర్వాత నీళ్ళు ఆపి ఎనిమిది నుంచి పది వారాలు ఎండు ఉంచాలి. నాటేటప్పుడు గడ్డ మెడ, పైన మూడో వంతు బయటికి కనబడాలి. పూర్తిగా పూడిస్తే మెడలో నీళ్ళు నిలిచి కుళ్ళు అక్కడినుంచే మొదలవుతుంది.

సూర్యాపేట సభ్యులు: గురువుగారూ, ఈస్టర్ లిల్లీ ఆకు చివర్లు కాలినట్టు అవుతున్నయి. నీళ్ళు ఎక్కువైనట్టా, తక్కువైనట్టా?

నల్లగొండ సభ్యులు: నీళ్ళ లెక్క కాదన్నా, నీళ్ళ గుణం. బోరు నీళ్ళేనా? మన దిక్కు బోర్లల్ల ఫ్లోరైడు ఎక్కువ, ఈస్టర్ లిల్లీ ఉన్న లిలియం జాతి దానికి తట్టుకోదు, ఆకు కొసల నుంచి మాడుతుంది. సూపర్ ఫాస్ఫేట్‌లో కూడా ఫ్లోరైడు ఉంటుంది, అది వేస్తుంటే ఆపండి. డాబా మీది వాన నీళ్ళు డ్రమ్ముకు పట్టి పోయండి. మాడిన కొస మళ్ళీ పచ్చబడదు, కొత్తాకు చూసి గుణం తెలుసుకోవాలె. ఇంకో మాట, ఆ జాతికి చలి కావాలి. ఇక్కడి శీతాకాలం చాలదు. గడ్డలను తేమగా ఉన్న కొబ్బరి పొట్టులో చుట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఆరు వారాలు పెట్టి నాటితేనే పూత నమ్మకం. పండ్ల పక్కన పెట్టొద్దు.

వనపర్తి సభ్యులు: సవరణ స్వీకరించాను. వానల్లో ఎమరిల్లిస్‌కు నల్లగా, తెల్లచుక్కలతో గొంగళి వస్తుంది, రాత్రికి రాత్రే ఆకును మెడ దాకా కొరికేస్తుంది. దాని మీద ఎవరూ పద్యం చెప్పలేదేం?

నిర్వాహకులు: చెప్పండి, కాదనం. పద్యం వచ్చేలోగా చేత్తో ఏరేయండి, ఆకు అడుగున గుడ్ల గుంపు ఉంటే నలిపేయండి. లీటరుకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

వచ్చే వారం సమస్య, మళ్ళీ ఆటవెలదే:

కలువ కెండదెబ్బ కలిమి నిచ్చె

వెన్నెల మీదికి పోయేవారికి ముందే చెబుతున్నాం: తొట్టి కలువకు రోజుకు ఐదారు గంటల ఎండ లేకపోతే ఆకులే తప్ప పువ్వు రాదు.