నెల దాటినా తిండి ముట్టని బాల్ పైథాన్ పిల్ల: ఏం చేయాలి?

ప్రశ్న: సైనిక్‌పురి నివాసి (డిసెంబరు రెండో వారం)

అందరికీ నమస్కారం. నవంబరు మొదటి వారంలో మా ఇంటికి ఒక బాల్ పైథాన్ (ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువ) పిల్లను తెచ్చుకున్నాము. పెంపకందారు ఇంట్లోనే గుడ్డు నుంచి పొదిగి వచ్చిన పిల్ల ఇది, వయసు సుమారు మూడు నెలలు. తెచ్చిన రోజు వంటింటి డిజిటల్ త్రాసు మీద 68 గ్రాములు తూగింది, నిన్న రాత్రి 64 గ్రాములకు దిగింది. ఈ ఐదు వారాల్లో నాలుగుసార్లు ఆహారం పెట్టాను. నాలుగుసార్లూ తల వెనక్కి లాక్కొని, బంతిలా చుట్టుకొని, తలను ఆ చుట్టల మధ్య దాచుకున్నది తప్ప నోరు తెరవలేదు.

మూడడుగుల గాజు తొట్టిని హాల్లో టీవీ పక్కన ఉంచాము. అడుగున హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పట్టా) ఉన్నది, దాని పైన మూడు అంగుళాల మందాన కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) పరిచాను. గాజు గోడకు అతికించిన ఉష్ణమాపకం 27 డిగ్రీలు చూపిస్తున్నది. ఫ్రీజర్‌లో నిల్వ ఉంచిన, ఇంకా వెంట్రుకలు రాని గులాబీరంగు చుంచు పిల్లలను మంచు కరిగాక మధ్యాహ్నం పూట తొట్టిలో పెడుతున్నాను. మా పిల్లలు దానికి మచ్చిక కావాలని రోజూ సాయంత్రం కాసేపు చేతుల్లోకి తీసుకుంటారు. గిన్నెలో పాలు పోసి చూడమని అమ్మ అంటున్నది, నోరు తెరిచి బలవంతంగా తినిపించమని ఒక మిత్రుడు అంటున్నాడు. ఏది చేస్తే దానికి మేలో, ఏది చేస్తే కీడో తేల్చుకోలేక రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: నల్లకుంట పెంపకందారు

మీరు బరువు రాసి పెట్టడం, వివరాలన్నీ దాచకుండా చెప్పడం చాలా మంచి పని చేశారు. నేను చాలా ఏళ్లుగా ఈ పాములనే పెంచుతున్నాను. మీ వివరాలు చదివితే పిల్లలో రోగలక్షణం ఏదీ కనిపించడం లేదు. తినడానికి కావలసిన వెచ్చదనం, మాటు, నిశ్శబ్దం మాత్రం దానికి ఇంకా అమరలేదని అనిపిస్తున్నది.

ముందు వేడి సంగతి చూద్దాం. పాము తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు, తిన్నది అరగాలన్నా బయటి వేడే ఆధారం. గోడ మీది ఉష్ణమాపకం గాలి వేడిని చెబుతుంది గాని, పాము పొట్ట ఆనే నేల ఎంత వెచ్చగా ఉన్నదో చెప్పదు. మూడు అంగుళాల కోకోపీట్ దుప్పటి కప్పినట్టుగా మ్యాట్ వేడిని కిందనే ఆపేస్తుంది. పిల్ల వెచ్చదనం వెతుక్కుంటూ పొడిలోకి తవ్వుకొని వెళ్లి గాజును తాకితే పొట్ట కాలే ప్రమాదం కూడా ఉన్నది. కాబట్టి మ్యాట్ ఉన్న వైపు పొరను అర అంగుళానికి తగ్గించండి. మ్యాట్‌ను థర్మోస్టాట్‌కు (వేడిని అదుపులో ఉంచే పరికరం) కలిపి, దాని తీగ కొనను మ్యాట్ మీదనే అంటించండి, వేరొక డిజిటల్ ఉష్ణమాపకం కొనను పాము పడుకునే చోట నేల మీద ఉంచండి. అక్కడ 31 నుంచి 33 డిగ్రీలు, రెండో వైపు 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. మన హైదరాబాదులో డిసెంబరు, జనవరి రాత్రుళ్లు బయట 15 డిగ్రీలకు అటూ ఇటూ పడిపోతాయి, సైనిక్‌పురి వైపు చలి ఇంకాస్త ఎక్కువే. పగలు చూసిన అంకెను నమ్మవద్దు, తెల్లవారుజామున లేచి ఒకసారి చూడండి.

తరువాత మాటు. పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డి నేలల్లో ఈ పాము పగలంతా ఎలుక కలుగుల్లోనూ, పాడుబడిన చెదపుట్టల్లోనూ దాగి ఉంటుంది. చెదలు కట్టిన పుట్టలో పాము చేరుతుందన్న మాట మన ఊళ్లలో అందరికీ తెలిసిందే, అక్కడా అంతే. మూడడుగుల గాజు తొట్టిలో నాలుగు దిక్కుల నుంచీ మనుషులు కనిపిస్తూ, పక్కన టీవీ మోగుతూ ఉంటే ఆ పిల్ల ఆకలి సంగతి మరచి ప్రాణభయంతో ఉంటుంది. తొట్టిని ఎవరూ ఎక్కువగా తిరగని గదిలోకి మార్చి, మూడు వైపులా చార్ట్ కాగితం అతికించండి. నర్సరీలో దొరికే చిన్న మట్టి కుండీలు రెండు కొని, అంచున దారి కొట్టి, ఆ అంచులు నున్నగా అరగదీసి, వెచ్చటి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి బోర్లించండి. చుట్ట చుట్టుకున్నప్పుడు ఒళ్లు అన్ని వైపులా గోడకు తగిలేంత ఇరుకుగా ఉండాలి. మనకు ఇరుకు అనిపించేదే దానికి భద్రత. నేను పెంచిన మొండి పిల్లల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క మార్పుతోనే తినడం మొదలుపెట్టాయి.

ఇక ఆహారం. గులాబీరంగు పిల్ల రెండు గ్రాములు కూడా ఉండదు. బాల్ పైథాన్ పిల్లలు చాలాసార్లు దానిని ఆహారంగానే గుర్తించవు. కళ్లు తెరిచి, వెంట్రుకలు వచ్చి, గెంతే వయసుకు చేరిన చుంచు పిల్ల ఏడు నుంచి తొమ్మిది గ్రాములు ఉంటుంది, మీ పాము బరువుకు అది సరిపోతుంది. ముందు రోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో మంచు కరగనివ్వండి. పెట్టే ముందు ప్లాస్టిక్ సంచిలో ఉంచి, వేడి నీళ్లలో ముంచి, ఒళ్లు 38 నుంచి 40 డిగ్రీలకు వచ్చాక తుడిచి, పొడవాటి పటకారుతో అందించండి. ఈ పాము పై పెదవి అంచున వరుసగా ఉండే గుంటలు వేడిని పసిగడతాయి, చల్లటి ఎలుక దానికి రాయితో సమానం. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టవద్దు. వేళ కూడా మార్చండి: రాత్రి తొమ్మిది దాటాక, దీపాలు ఆర్పి, కుండీ వాకిట్లో మెల్లగా కదిలించండి. తినకపోతే రాత్రంతా అలాగే వదిలేసి, ఉదయం తీసి పారేసి, ఏడు రోజుల దాకా మళ్లీ ప్రయత్నించవద్దు. రోజూ పెట్టి చూడటం వల్ల భయం పెరుగుతుందే గాని ఆకలి పెరగదు. కళ్లు నీలంగా మసకబారితే కుబుసం విడవబోతున్నదని అర్థం, ఆ వారం అసలు పెట్టనక్కరలేదు.

పిల్లలకు నచ్చజెప్పి, వరుసగా మూడుసార్లు తినేదాకా దానిని ఎవరూ చేతిలోకి తీసుకోకుండా చూడండి. మచ్చికకు ముందు ముందు బోలెడంత సమయం ఉన్నది.

జవాబు 2: పశువైద్యురాలు, తార్నాక

పై జవాబుతో నేను ఏకీభవిస్తున్నాను. వైద్యపరంగా రెండు మూడు మాటలు చేర్చాలి.

పెద్ద బాల్ పైథాన్లు చలికాలంలో నెలల తరబడి తినకపోయినా తట్టుకుంటాయి, కానీ పిల్లలకు ఒంట్లో అంత కొవ్వు నిల్వ ఉండదు. మీ పిల్ల ఇప్పటికి ఆరు శాతం బరువు తగ్గింది. వారానికి ఒకసారి, అదే త్రాసు మీద, ఒక మూత ఉన్న డబ్బాతో సహా తూచి, డబ్బా బరువు తీసివేయండి. బరువు 61 గ్రాములకు దిగితే, అంటే పది శాతానికి పైగా తగ్గితే, పాములను చూసే వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి. నోటి దగ్గర బుడగలు, ఊపిరి తీసేటప్పుడు ఈల వంటి చప్పుడు, నోరు తెరిచి తల పైకెత్తి ఉండటం, చిగుళ్ల మీద పెరుగు వంటి తెల్లటి పొర, పొలుసుల సందుల్లో నల్లటి చుక్కల్లాంటి పురుగులు: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బరువు కోసం ఆగవద్దు.

అమ్మగారి మాటలో ప్రేమ ఉన్నది. నాగుల చవితికి పుట్టలో పాలు పోసిన చేతులకు ఇంట్లో పాము పస్తుంటే పాలే గుర్తుకు రావడం సహజం. అయితే పాము శరీరం పాలను అరిగించుకోలేదు. దాహంతో నకనకలాడే పాము ఏ ద్రవం దొరికినా తాగుతుంది, అలా తాగిన పాలు దానికి హాని చేస్తాయి. శుభ్రమైన నీళ్ల గిన్నె చాలు. ఒంటి మీద చర్మం ముడతలు పడి కనిపిస్తే, 29 డిగ్రీల గోరువెచ్చని నీటిని దాని ఒంటి మందంలో సగం ఎత్తున మాత్రమే పోసి, మీ కళ్ల ముందే పదిహేను నిమిషాలు ఉంచవచ్చు.

బలవంతంగా తినిపించవద్దు. ఇంత చిన్న పాములో నోటి పైచర్మం, అన్నవాహిక చాలా పలుచగా ఉంటాయి, చిరిగితే ఇన్ఫెక్షన్ చేరుతుంది. తిన్నదానిని మళ్లీ కక్కితే అప్పటిదాకా మిగిలిన బలమూ పోతుంది. చివరి దశలో ఆ పని చేయవలసి వచ్చినా అది చేయి తిరిగినవారి పని. ఇంట్లో బోనులో పడ్డ ఎలుకను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టవద్దు. ఎలుకల మందు తిన్న ఎలుక కడుపులోకి వెళితే పాముకూ అదే విషం ఎక్కుతుంది.

జవాబు 3: మల్కాజ్‌గిరి సభ్యుడు

అమ్మినవారికి ఫోన్ చేసి, అది ఇదివరకు ఏం తిన్నదో, బతికినదా చచ్చినదా, ఎన్నిసార్లు తిన్నదో అడగండి. అప్పుడే కాగితాల సంగతి కూడా మాట్లాడండి. బాల్ పైథాన్ సైటీస్ (వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్న జీవి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక అది ఆ చట్టంలో సైటీస్ జీవుల జాబితా అయిన నాలుగో షెడ్యూలు కిందికి వచ్చింది. 2024 నాటి నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో దానిని నమోదు చేసుకోవాలి. నమోదు పూర్తయి ఉంటే వైద్యుల దగ్గరకు వెళ్లేటప్పుడు కూడా మీకు బెంగ ఉండదు.

అడిగినవారి మాట (రెండు రోజుల తరువాత)

మీ అందరికీ కృతజ్ఞతలు. మాకు అమ్మిన పెంపకందారు దగ్గర అది మూడుసార్లు, మూడుసార్లూ బతికిన, వెంట్రుకలు వచ్చిన చుంచు పిల్లనే తిన్నదట. నమోదు పని కూడా మొదలుపెట్టాను. తెల్లవారుజామున ఐదింటికి నేల మీద కొలిస్తే మ్యాట్ వైపు కూడా 22 డిగ్రీలే ఉన్నది. ఇన్నాళ్లూ అది చలికి ముడుచుకున్నదని తెలిసి మనసు చివుక్కుమన్నది. తొట్టిని వెనక గదిలోకి మార్చాను, కుండీలు పెట్టాను. బతికిన చుంచునే పెట్టమంటారా?

నల్లకుంట పెంపకందారు

ఇప్పుడే వద్దు. బతికిన చుంచు కరిస్తే ఇంత చిన్న పాముకు కన్ను పోవచ్చు. ముందు వారం రోజులు తొట్టి వైపే వెళ్లకుండా, వెచ్చగా చేసిన దానితో రెండుసార్లు ప్రయత్నించండి. అప్పటికీ కుదరకపోతే ఆ చుంచు ఒంటికి కోడిపిల్ల నూగును రుద్ది పెట్టండి. అడవిలో ఈ పాము పిల్లలు పక్షి కూనలను ఎక్కువగా తింటాయి కనుక ఆ వాసన కొన్నిసార్లు పని చేస్తుంది. అదీ కాకపోతే బతికిన దానిని మీరు పక్కనే కూర్చొని పెట్టవచ్చు, పది నిమిషాల్లో పట్టుకోకపోతే వెంటనే తీసివేయాలి.

అడిగినవారి మాట (జనవరి మొదటి వారం)

మొదటిసారి పెట్టినప్పుడు కుండీలోంచి తల బయటపెట్టి, నాలుక ఆడించి, లోపలికి వెళ్లిపోయింది. ఆ తరువాత కుబుసం విడవడంతో మరో వారం ఆగాము. నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు దీపం ఆర్పి, చుంచు తలను మరోసారి వేడి నీళ్లలో ముంచి తుడిచి వాకిట్లో చూపించగానే, పటకారు చేతిలో అదిరేంత వేగంగా పట్టి చుట్టేసింది. మింగడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. అమ్మ గది గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడి చూసింది. తినడానికి ముందు బరువు 63 గ్రాములు. ఇప్పుడు వెచ్చటి వైపు కుండీలో ఉన్నది, మేము ముట్టుకోవడం లేదు. రెండో చుంచును ఏడో రోజు రాత్రి పెట్టి, బరువు ఇక్కడే రాస్తాను.